హైదరాబాద్ ఇళ్లలో కోరిడోరాస్ చేపల పెంపకం

హైదరాబాద్‌లో ఏ అక్వేరియం దుకాణానికి వెళ్లి రంగు చేపలు కొన్నా, డబ్బులు లెక్కపెట్టే వేళకు దుకాణదారు ఒక మాట తప్పకుండా అంటాడు: “సార్, కింద మురికి తినడానికి రెండు క్లీనర్లు కూడా వేసుకోండి.” ఆ క్లీనర్ల పేరుతో మన కవర్లోకి వచ్చేవి రెండు రకాలు. ఒకటి నల్లగా, గరుకుగా, నోటితో అద్దాన్ని పట్టుకుని వేలాడే సక్కర్ చేప. రెండోది బొద్దుగా, పొట్టి మీసాలతో, అడుగున ఏదో పోగొట్టుకున్నట్లు వెతుక్కుంటూ తిరిగే కోరిడోరాస్. రెండూ దక్షిణ అమెరికా నదుల్లో పుట్టిన కవచపు చేపలే, మన జెల్లలకూ వాలుగలకూ దూరపు చుట్టాలే. అయితే పెంపకంలో ఈ రెండింటికీ పోలిక లేదు, పైగా వీటిలో ఏదీ ఊడ్చి తుడిచే చేప కాదు. చేపల మలాన్ని ఈ రెండూ తినవు. అడుగున మిగిలిన తిండిని కోరీ (కోరిడోరాస్‌కు పొట్టిపేరు) తింటుంది నిజమే గానీ, అలా మిగలకపోతే పస్తులుంటుంది.

ఈ సంగతి నేను తెలుసుకున్నది ఆలస్యంగా. మొదటిసారి రెండు కోరీలను తెచ్చి, తెల్లని పాలరాతి ముక్కలు పరచిన తొట్టిలో వేసి, పైచేపలకు చల్లే తిండిలో రాలిందేదో వాటికి చాలునని వదిలేశాను. మూడు నెలలు తిరిగేసరికి వాటి మీసాలు అరిగి మొలకల్లా మిగిలాయి, పొట్టలు లోపలికి పోయాయి. దుకాణదారు చెప్పింది విన్నాను గానీ చేపను చూడలేదు.

చూస్తే దాని ఒళ్లే దానికేం కావాలో చెబుతుంది. కోరీకి మామూలు పొలుసులు ఉండవు. తల వెనక నుంచి తోక దాకా ఒక్కో పక్కన రెండు వరుసల ఎముక పలకలు, పెంకుటింటి కప్పు మీద పెంకులు ఒకదానిమీద ఒకటి ఎక్కినట్లు, అమరి ఉంటాయి. గ్రీకులో శిరస్త్రాణానికీ, తోలుకూ వాడే మాటలను కలిపి 1803లో ఫ్రెంచి శాస్త్రవేత్త లాసెపెద్ ఈ ప్రజాతికి కోరిడోరాస్ అని పేరు పెట్టాడు. 2024లో శాస్త్రవేత్తలు దీనిని విడదీసి, దుకాణాల్లో దొరికే చాలా రకాలను ఓస్టియోగాస్టర్, హోప్లిసోమా వంటి వేరే ప్రజాతుల్లోకి మార్చారు. కొనేటప్పుడు మాత్రం ఇప్పటికీ అన్నీ కోరీలే. వీపు రెక్కకూ, మొప్పల పక్కనున్న రెండు రెక్కలకూ ముందు గట్టి ముల్లు ఒకటి ఉంటుంది. భయపడితే చేప ఆ మూడింటినీ నిగడదన్ని బిగిస్తుంది, అప్పుడు పెద్ద చేపకు దాన్ని మింగడం కష్టం. ఇంత రక్షణా పైనా పక్కలా మాత్రమే. పొట్ట మెత్తన, మీసాలు మరీ సున్నితం, ఆ రెండూ రోజంతా నేలను రాసుకునే ఉంటాయి. అందుచేత తొట్టిలోని మిగతా చేపలకు నీళ్లు ఇల్లయితే కోరీకి అడుగున ఉన్న ఇసుక ఇల్లు. కింద చెప్పబోయే జాగ్రత్తల్లో సగం ఈ ఒక్క కారణం నుంచే వస్తాయి. మిగతా సగం మన ఎండల నుంచి వస్తాయి.

సక్కర్ చేప సంగతి రెండు మాటల్లో చెప్పి పక్కన పెడతాను. వేలెడంత ఉన్నప్పుడు ముచ్చటగా కనిపించే ఆ టెరిగోప్లిక్తిస్ జాతి చేప అడుగుకు మించి పెరుగుతుంది, మూడడుగుల తొట్టిలో అటూ ఇటూ తిరగడానికే దానికి చోటు చాలదు. విసిగిపోయినవారు దాన్ని చెరువులో వదిలేస్తున్నారు. అలా వదిలినవే నేడు తెలుగు నేలమీది చెరువుల్లో, కాలువల్లో పెరిగి, జాలర్ల వలలు చింపుతూ దెయ్యం చేప అనే పేరు తెచ్చుకున్నాయి. వీటి విస్తరణను నీటిలోని డీఎన్ఏ ఆధారంగా కనిపెట్టే పద్ధతిని మన నగరంలోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలే రూపొందించవలసి వచ్చింది. కనుక ఇంట్లో ఉన్నదాన్ని హుస్సేన్ సాగర్‌లోనో, కాలనీ పక్క కుంటలోనో వదలకండి. పెద్ద తొట్టి ఉన్నవారికి ఇవ్వండి. అద్దం మీది పాచి తినే కవచపు చేపే కావాలనుకుంటే 12 నుంచి 15 సెంటీమీటర్ల దగ్గర ఆగే బ్రిసిల్‌నోజ్ ప్లెకో ఉంది, అది కోరీలతో గొడవ లేకుండా సర్దుకుపోతుంది.

తొట్టి, ఇసుక

కోరీలకు తొట్టి ఎత్తు కన్నా పొడవు, వెడల్పు ముఖ్యం. మన దుకాణాల్లో విరివిగా అమ్మే రెండడుగుల తొట్టి, అంటే 24 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 12 ఎత్తు, నిండుగా పోస్తే 56 లీటర్లు పడుతుంది. అందులో పిగ్మీ కోరీల వంటి రెండున్నర సెంటీమీటర్ల చిన్న రకాన్ని తప్ప పెంచవద్దు. ఆరు మామూలు కోరీలు, వాటితోపాటు పది పన్నెండు చిన్న టెట్రాలు హాయిగా ఉండాలంటే 30 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 15 ఎత్తున్న తొట్టి కావాలి. అది దాదాపు 88 లీటర్లు. మూడడుగులది కొనగలిగితే ఇంకా మంచిది. ఎత్తు మాత్రం 18 అంగుళాలు దాటనివ్వవద్దు. కోరీ మొప్పలతో ఊపిరి తీసుకోవడమే కాక, అప్పుడప్పుడు బాణంలా పైకి దూసుకొచ్చి ఒక గుక్క గాలి మింగి, పేగు చివరి భాగంలోని రక్తనాళాల ద్వారా అందులోని ప్రాణవాయువును పీల్చుకుంటుంది. నీటిమట్టానికీ మూతకూ మధ్య రెండు మూడు అంగుళాల ఖాళీ విడవాలని చెప్పేది ఇందుకే. కొత్తగా పెంచేవారు ఈ దూకుడు చూసి చేపకు ఏదో అయిందని కంగారు పడుతుంటారు. గంటకు కొన్నిసార్లు అయితే అది సహజం. నిమిషానికొకసారి, అందులోనూ అన్నీ కలిసి ఎగబాకుతుంటే మాత్రం నీళ్లలో ప్రాణవాయువు తగ్గిందనో, అమోనియా పెరిగిందనో అర్థం.

ఇసుక విషయంలో హైదరాబాద్ వారికి ఒక ప్రత్యేక హెచ్చరిక ఉంది. ఇంటి పక్కన కడుతున్న అపార్ట్‌మెంటు దగ్గర రెండు దోసిళ్లు తెచ్చుకుందామని అనిపిస్తుంది. ఇప్పుడు అక్కడ పోసి ఉండేది చాలావరకు రోబో ఇసుక, అంటే నల్లరాతిని మరలో పిండి చేసినది. దాన్ని వేళ్ల మధ్య నలిపి చూడండి, గాజుపెంకుల పొడిలా గుచ్చుకుంటుంది. నది ఇసుక అయితే వేళ్ల మధ్య జారుతుంది, ఎందుకంటే నీళ్లు దొర్లించి దొర్లించి దాని అంచులు గుండ్రం చేసి ఉంటాయి. కోరీ నోరు పెట్టి ఒక గుక్క ఇసుక తీసుకుని, అందులో తినదగినదాన్ని ఉంచుకుని, మిగిలినదాన్ని రెండు మొప్పల సందుల్లోంచి సన్నని ధారలుగా వదులుతుంది. ఒకసారి దగ్గరగా కూర్చుని చూస్తే, ఎవరో రెండు జల్లెడలు ఒకేసారి ఆడిస్తున్నట్లు ఉంటుంది. ఆ సందుల్లోంచి రోబో ఇసుక పోతే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. పాలరాతి ముక్కలకూ, దుకాణాల్లోని నీలం, గులాబీ రంగు గులకరాళ్లకూ ఇదే దోషం. పైగా పాలరాయి నీటిలో నెమ్మదిగా కరిగి నీళ్లను మరింత కఠినం చేస్తుంది.

నది ఇసుకను మిల్లీమీటరు కన్నా సన్నని గింజ దిగేలా జల్లించి, బకెట్లో పోసి, చేత్తో కలుపుతూ పైనీళ్లు వంచేస్తూ కడగాలి. పదిసార్లయినా కడిగితే గానీ బురద వదలదు. ఆరిన చిటికెడు ఇసుక మీద నాలుగు చుక్కల వెనిగర్ వేసి చూడండి, నురగ పొంగితే అందులో సున్నం ఉన్నట్లు, ఆ ఇసుక వద్దు. 30 అంగుళాల తొట్టిలో మూడు సెంటీమీటర్ల మందాన పరచడానికి సుమారు 11 కిలోలు సరిపోతుంది. అంతకన్నా మందంగా పోస్తే అడుగు పొరలకు గాలి ఆడక కుళ్లుతుంది. ఇసుక కింద పెట్టే పాత పద్ధతి ఫిల్టరు దీనికి పనికిరాదు, గింజలు దాన్ని మూసేస్తాయి. స్పాంజి ఫిల్టరు గానీ, వెనక గోడకు తగిలించే ఫిల్టరు గానీ పెట్టి, నీళ్లు పీల్చే గొట్టానికి స్పాంజి తొడుగు వేయండి. ఒక దుంగ, రెండు మూడు నునుపు రాళ్లు, దుంగకు కట్టిన అనుబియాస్, జావా ఫెర్న్ మొక్కలు ఉంటే నీడ దొరుకుతుంది. ముందువైపు జానెడు ఇసుకను ఖాళీగా వదలాలి, అది వాటి మేత మైదానం.

నీళ్లు

నగరంలో ఒకే ఇంటికి మూడు రకాల నీళ్లు వస్తాయి: జలమండలి నల్లా నీళ్లు, బోరు నీళ్లు, ఎండాకాలంలో ట్యాంకర్ నీళ్లు. సంపులో ఈ మూడూ కలిసిపోతాయి కాబట్టి ఈ వారం తొట్టిలో పోసినదీ వచ్చే వారం పోసేదీ ఒకటే నీళ్లని అనుకోవడానికి లేదు. నల్లా నీళ్లు దూరపు కృష్ణా, గోదావరి నదుల నుంచి శుద్ధి అయి వస్తాయి, వాటిలో క్లోరిన్ ఉంటుంది. వెడల్పాటి టబ్బులో పోసి, గాలిరాయి (గాలి పంపుకు తగిలిస్తే బుడగలు వదిలే రాయి) పెట్టి ఒక రోజంతా ఉంచితే క్లోరిన్ పోతుంది. తొందరైతే దుకాణాల్లో యాంటీ క్లోరిన్ పేరుతో అమ్మే ద్రావణాన్ని సీసా మీద రాసిన మోతాదులో కలపవచ్చు. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు గానీ లవణాలు ఎక్కువ, ప్రాణవాయువు తక్కువ, బయటికి తోడిన కొన్ని గంటలకు పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని తెలిపే కొలత) కూడా మారుతుంది. వాటిని కూడా రాత్రంతా గాలి పట్టించి, తెల్లవారి పరీక్షించాకే వాడాలి.

ఇళ్లలో పెంచి పొదిగించిన కోరీలు 6.5 నుంచి 7.8 దాకా పీహెచ్‌కు అలవాటు పడతాయి. మీ బోరు నీళ్లు అంతకు మించితే, కిచెన్‌లోని ఆర్వో యంత్రం నుంచి వచ్చే శుద్ధజలాన్ని సగానికి సగం కలపండి. పీహెచ్ తగ్గించే మందులు పోస్తే ఒకరోజు దిగి, మర్నాడు మళ్లీ ఎక్కుతుంది. ఆ ఊగిసలాట కన్నా 7.8 దగ్గర నిలకడగా ఉండే నీళ్లే చేపకు మేలు. ఒక విషయం మాత్రం గుర్తు పెట్టుకోవాలి: పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే నీటిలోని అమోనియాలో విషపూరితమైన భాగం దాదాపు పది రెట్లు అవుతుంది, వేడి పెరిగినా అది పెరుగుతుంది. కాబట్టి మే నెలలో బోరు నీళ్ల తొట్టిలో ఎక్కువ తిండి వేయడం, జనవరిలో నల్లా నీళ్ల తొట్టిలో అదే తప్పు చేయడం కన్నా ఎంతో ప్రమాదకరం.

కొత్త తొట్టిలో నీళ్లు పోసిన మర్నాడే కోరీలను వదలరాదు. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమోనియాను ఒక రకం సూక్ష్మజీవులు నైట్రైటుగా, ఇంకొక రకం దాన్ని నైట్రేటుగా మారుస్తాయి. అవి ఫిల్టరులో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చేపలు పెంచే మిత్రుల పాత స్పాంజి ముక్క ఒకటి మీ ఫిల్టరులో పెట్టుకుంటే ఈ గడువు బాగా తగ్గుతుంది. పరీక్షలో అమోనియా, నైట్రైటు రెండూ సున్నా చూపినప్పుడే కోరీలను తేవాలి.

మన ఎండకు తగ్గ రకం

హైదరాబాద్‌లో ఈ చేపను పెంచడంలో గెలుపోటములు చాలావరకు ఇక్కడే తేలిపోతాయని నా అభిప్రాయం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ రోజుల్లో ఏసీ లేని హాలులోని తొట్టి నీళ్లు 31, 32 డిగ్రీలకు చేరడం మామూలే. కోరీలన్నీ అమెజాన్ చేపలేనని, అమెజాన్ అంటే వేడి అడవే కదా అని అనుకోవడం పొరపాటు. పెప్పర్ కోరీ అర్జెంటీనా, ఉరుగ్వేల చల్లని నీళ్లది. దాన్ని బీగల్ ఓడ ప్రయాణంలో చార్లెస్ డార్విన్ సేకరిస్తే 1842లో ఇంగ్లీషు ప్రకృతి శాస్త్రవేత్త జెనిన్స్ వర్ణించాడు. దానికి 18 నుంచి 24 డిగ్రీలు హాయి, 28 దాటితే నలిగిపోతుంది. నలుపు తెలుపు పాండా కోరీ పెరూలో ఆండీస్ కొండల నుంచి దిగే వాగుల చేప. అదీ 25 డిగ్రీలకు లోపలే సుఖపడుతుంది. ముద్దుగా ఉందని పాండాను కొని, మే నెలలో ఒక్కొక్కటిగా పోగొట్టుకున్నవారిని చాలామందిని చూశాను. కంచు రంగు బ్రాంజ్ కోరీ, దాని తెల్లని అల్బినో రకం మధ్యస్థంగా ఉంటాయి: 22 నుంచి 27 దాకా బాగుంటాయి, కొన్ని రోజుల వేడిని ఓర్చుకుంటాయి. అన్నింటికన్నా మన ఊరికి తగినది స్టెర్బై కోరీ. బ్రెజిల్, బొలీవియాల సరిహద్దులోని గ్వాపొరే నది ప్రాంతానికి చెందిన ఈ చేప నల్లని ఒంటి మీద తెల్ల చుక్కలతో, నారింజ రంగు పక్కరెక్కలతో ఉంటుంది; 28 డిగ్రీల దగ్గర కూడా తిండి మానదు. ధర బ్రాంజ్ కన్నా ఎక్కువే. అయినా ఏసీ లేని ఇంటికి నేను దాన్నే సిఫార్సు చేస్తాను.

ఏ రకమైనా ఆరింటికి తక్కువ కొనవద్దు, ఆరూ ఒకే రకం కావాలి. రెండు బ్రాంజ్, రెండు పాండా, రెండు స్టెర్బై అని కలగలిపి కొంటే అవి గుంపు కట్టకుండా జంటలుగా విడిపోయి మూలల్లో నక్కుతాయి. ఆరు కలిస్తేనే పగటివేళ ధైర్యంగా ఇసుక మీదికి వస్తాయి, ఒకదానిమీద ఒకటి ఒరిగి పడుకుంటాయి, కన్ను కిందికి తిప్పి కన్ను కొట్టినట్లు చేస్తాయి. ఆ అలవాటు వల్లనే మా ఇంటికి వచ్చే పిల్లలందరికీ ఇవి ఇష్టం.

దుకాణంలో ముందు మీసాలు చూడండి, పొడవుగా చెక్కుచెదరకుండా ఉండాలి. తర్వాత పొట్ట చూడండి, గుండ్రంగా ఉండాలి, ఎర్రని మచ్చలు ఉండకూడదు. గులాబీ, నీలం, ఆకుపచ్చ రంగుల్లో అమ్మే కోరీలు పుట్టుకతో అలాంటివి కావు. అల్బినో చేపలకు రంగు ఎక్కించినవి, వాటిని కొనవద్దు. వలతో పట్టబోతే వద్దని చెప్పండి, ముళ్లు వలలో చిక్కుకుంటే విడదీసేటప్పుడు చేపకూ దెబ్బ, మన వేలికీ మంట. ఆ ముల్లు మొదట్లో కొద్దిపాటి విషం స్రవించే గ్రంథులు ఉంటాయి. చిన్న ప్లాస్టిక్ డబ్బాలోకి తోలి పట్టడం ఉత్తమం. భయపడిన కోరీలను కొద్దిపాటి నీళ్లున్న కవర్లో ఇరికిస్తే, ఆ స్రావం వల్ల అవే చనిపోవడం పెంపకందారులకు అనుభవం. అందుచేత కవరుకు రెండు మూడింటిని మించి వేయనివ్వకండి, ట్రాఫిక్ తగ్గిన వేళ చూసి నేరుగా ఇంటికి రండి.

ఇంటికి రాగానే లైటు ఆర్పి, కవరును పావుగంట తొట్టి నీటిపై తేలనిచ్చి, తర్వాత అరగంట నుంచి గంట దాకా కొంచెం కొంచెంగా తొట్టి నీళ్లు కలుపుతూ పోవాలి. కవరు నీళ్లను తొట్టిలో పోయకుండా చేపలను మాత్రమే దించాలి. వీలున్నవారు మూడు వారాలు వేరే చిన్న తొట్టిలో ఉంచి గమనిస్తే పాత చేపలకు జబ్బులు అంటవు.

తోటి చేపలు

నియాన్, కార్డినల్, ఎంబర్ టెట్రాలు, హార్లెక్విన్ రాస్బోరాలు, చెర్రీ బార్బ్‌లు, హనీ గౌరామి కోరీలకు మంచి పొరుగువారు. వేడి తట్టుకునే స్టెర్బైకి వేడి కోరే కార్డినల్ టెట్రా చక్కని జోడీ. బోరు నీళ్లు తప్పనివారు గప్పీలు, ప్లాటీలు పెట్టుకోవచ్చు. ఆస్కార్, ఫ్లవర్‌హార్న్ వంటి పెద్ద చేపలతో కలపడం ఇద్దరికీ చేటు: మింగబోయిన దాని గొంతులో కోరీ ముళ్లు బిగుసుకుని రెండూ చచ్చిన సందర్భాలు ఉన్నాయి. గోల్డ్‌ఫిష్ విషయంలోనూ ఇంతే, దాని నోట్లో పట్టినది ఏదైనా తిండే అనుకుంటుంది. అడుగునే రాజ్యమేలే రెడ్‌టెయిల్ షార్క్ వద్దు.

తిండి

రాత్రి లైటు ఆర్పిన తర్వాత, పైచేపలు నిద్రకు ఒరిగే వేళ, అడుగుకు దిగే పెల్లెట్లు వేయాలి. ఆరు చేపలకు సన్న పెల్లెట్లు అరచెంచా కన్నా తక్కువే చాలు. గంట తర్వాత టార్చి వేసి చూస్తే ఏమీ మిగిలి ఉండకూడదు. కోరీకి పురుగుల వంటి చిన్న జీవులే అసలు ఆహారం కాబట్టి, పాచి తినే చేపల కోసం చేసిన పూర్తి శాకాహార బిళ్లలతో సరిపెట్టవద్దు. వారానికి రెండుసార్లు గడ్డకట్టించిన బ్లడ్‌వార్మ్స్ అనే ఎర్రని పురుగులు గానీ, ఆర్టీమియా అనే ఉప్పునీటి చిన్న రొయ్యలు గానీ ఇవ్వండి. దుకాణాల్లో ఎర్రగా ముద్దకట్టి కదిలే ట్యూబిఫెక్స్ పురుగులను అవి ఎగబడి తింటాయి, కానీ ఆ పురుగులు పెరిగేది మురుగులో. బతికున్నవి వేయకుండా, ఎండబెట్టిన గడ్డలను వాడటం క్షేమం. వారానికి ఒకరోజు పస్తు పెట్టినా నష్టం లేదు.

ఎండాకాలం

ఏప్రిల్ మొదటి వారంలోనే తొట్టి పైన ఒక చిన్న టేబుల్ ఫ్యాను గానీ, కంప్యూటర్లలో వాడే ఫ్యాను గానీ నీటి మీదికి వంచి పెట్టండి. మన వేసవి గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నీరు త్వరగా ఆవిరై రెండు నుంచి నాలుగు డిగ్రీలు తగ్గుతుంది. కుండలో నీళ్లు చల్లబడేదీ ఈ లెక్క ప్రకారమే. వానలు మొదలై గాలిలో తేమ చేరాక ఫ్యాను అంత పనిచేయదు, అప్పటికి దాని అవసరమూ అంతగా ఉండదు. ఆవిరైన నీటి బదులు రోజూ ఒకటి రెండు లీటర్లు కలపవలసి వస్తుంది. దీనికి బోరు నీళ్లు వాడితే పొరపాటు. ఆవిరి అయ్యేది నీరే గానీ లవణాలు కావు, అవి తొట్టిలోనే మిగిలి, పైన మళ్లీ లవణాలు చేరుతూ పోతాయి. ఆర్వో నీళ్లే పోయాలి.

వారం వారం నీళ్లు మార్చేటప్పుడు డాబా మీది ట్యాంకు నీళ్లు మధ్యాహ్నం పట్టవద్దు, చేతికే చుర్రుమంటాయి. తెల్లవారుజామున పట్టి నీడలో ఉంచండి. కరెంటు పోతే ఫిల్టరుతోపాటు ఫ్యానూ ఆగుతుంది. వేడి నీళ్లలో ప్రాణవాయువు అసలే తక్కువ. కాబట్టి బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి ఇంట్లో ఉండి తీరాలి. ఒక మే నెల సాయంత్రం గాలివానకు మా వీధిలో ఆరు గంటలు కరెంటు లేకపోతే, నా దగ్గర ఆ పంపు లేక, గిన్నెతో నీళ్లు ముంచి ఎత్తి పోస్తూ అర్ధరాత్రి దాకా కూర్చున్నాను. అయినా తెల్లవారేసరికి రెండు పాండాలు పోయాయి. మర్నాడే పంపు కొన్నాను. ఐసు ముక్కలు నేరుగా వేయకుండా, మూత బిగించిన సీసాలో నీళ్లు గడ్డకట్టించి తేలవేయండి. గంటకు ఒక డిగ్రీ కన్నా వేగంగా దిగనివ్వకండి. చలికాలంలో రాత్రుళ్లు నీళ్లు 21, 22కు దిగినా బ్రాంజ్‌కు ఏమీ కాదు. స్టెర్బై, కార్డినల్ ఉన్న తొట్టిలో మాత్రం హీటరును 25 దగ్గర పెట్టాలి.

శుభ్రత, జబ్బులు

వారానికొకసారి పావు వంతు నీళ్లు మార్చాలి. సైఫన్ గొట్టాన్ని ఇసుకలోకి గుచ్చకుండా, వేలెడు పైన ఆడిస్తే మురికి మాత్రమే లేచి వస్తుంది. మూలల్లో, దుంగ పక్కన ఇసుకను సన్నని పుల్లతో మెల్లగా కలియబెట్టాలి, కోరీలు అక్కడికి చేరలేవు. మీసాలు అరగడానికి పదునైన రాళ్లొక్కటే కారణం కాదు. మెత్తని ఇసుక పరచి కూడా దాన్ని కుళ్లనిస్తే సూక్ష్మజీవులు మీసాలను తినేస్తాయి. మొదళ్లు మిగిలి ఉంటే, అడుగు శుభ్రపరచి, వారానికి రెండుసార్లు నీళ్లు మారుస్తూ పోతే కొన్ని వారాల్లో మీసాలు మళ్లీ పెరుగుతాయి. మందు అవసరం రాదు.

మందుల విషయంలో మన దుకాణాల అలవాటొకటి కోరీలకు సరిపడదు. ఏ జబ్బు చెప్పినా గుప్పెడు కల్లుప్పు, నాలుగు చుక్కల నీలం మందు రాసిస్తారు. మోలీలకు ఉప్పు మేలు చేస్తుందేమో గానీ కోరీ లవణాన్ని తట్టుకోవడంలో బలహీనమైనది, రాగి కలిసిన మందులకు ఇంకా బలహీనమైనది. తెల్లచుక్కల జబ్బు వస్తే, గాలి బాగా పట్టిస్తూ మందును సీసా మీద రాసినదానిలో సగం మోతాదుతో మొదలుపెట్టి, చేప ఊపిరి తీరు చూస్తూ ముందుకు పోవాలి. పొట్ట మీద ఎర్రని మచ్చలు కనబడితే అది దాదాపు ఎప్పుడూ మురికి ఇసుక చెప్పే మాటే, ముందు నీళ్లు మార్చండి.

గుడ్లు

తిండీ నీళ్లూ కుదిరితే కోరీలు మన ప్రమేయం లేకుండానే గుడ్లు పెడతాయి. వాటి సొంత ఊళ్లలో వానలు కురిసి నదిలో చల్లని నీళ్లు చేరడమే వాటికి సంకేతం. మృగశిర కార్తె నాడు నగరమంతా చేపల కూర వండుకుంటుంటే మా బ్రాంజ్ కోరీలు తమ సంసారం మొదలుపెట్టాయి. ముందురోజు కురిసిన వానకు చల్లబడిన నీళ్లు మూడో వంతు మార్చాను, అంతే. ఉదయం చూస్తే ఆడచేప వెంట మూడు మగచేపలు గాజు పొడవునా పరుగెడుతున్నాయి. ఒక మగచేప ఆగి అడ్డంగా తిరిగింది, ఆడచేప దాని పొట్టకు మూతి ఆనించింది, రెండూ ఇంగ్లీషు టీ అక్షరంలా కొన్ని క్షణాలు నిలిచాయి. అలా నిలిచినప్పుడు ఆడచేప వీర్యాన్ని మింగుతుందని, అది పేగు గుండా వేగంగా సాగి గుడ్ల దగ్గరికి చేరుతుందని 1995లో జపాన్ పరిశోధకులు బ్రాంజ్ కోరీల మీదే చూపారు. తర్వాత ఆడచేప పొట్ట కింది రెండు రెక్కలను దోసిలిగా పట్టింది, అందులో రెండు మూడు గుడ్లు కనిపించాయి. గాజు మీద ఒక చోటును నోటితో తుడుచుకుని, దోసిలి ఆనించి, గుడ్లు అంటించి వెళ్లిపోయింది. మధ్యాహ్నానికి ఫిల్టరు ధార పక్కన వందకు పైగా గుడ్లు ఉన్నాయి.

వాటిని అలాగే వదిలితే టెట్రాలూ, తల్లిదండ్రులూ కలిసి సాయంత్రానికి తినేస్తాయి. కాసేపాగితే గుడ్లు గట్టిపడతాయి, అప్పుడు వేలికొనతో మెల్లగా దొర్లిస్తే ఊడి వస్తాయి. మరీ అంటుకుంటే పాత ఏటీఎం కార్డు అంచుతో తీయవచ్చు. తొట్టి నీళ్లే పోసిన చిన్న డబ్బాలో వేసి, గాలిరాయి సన్నగా నడిపి, ఇంటి ముందు నాటుబాదం చెట్టు కింద రాలిన ఎండుటాకును కడిగి అరముక్క వేస్తే బూజు తగ్గుతుంది. తెల్లబడిన గుడ్లను ఎప్పటికప్పుడు తీసేయాలి. మూడు నుంచి ఐదు రోజుల్లో పిల్లలు వస్తాయి, రెండు మూడు రోజులు తమ పచ్చసొన మీదే బతుకుతాయి. ఆ తర్వాత మైక్రోవార్మ్స్ అనే సన్నని పురుగులు గానీ, అప్పుడే పొదిగిన ఆర్టీమియా గానీ రోజుకు మూడుసార్లు కొంచెం కొంచెంగా ఇవ్వాలి. ఉడికిన కోడిగుడ్డు సొన వేస్తే పూటలోనే నీళ్లు చెడతాయి. ఈ డబ్బాలో ఇసుక వేయకండి. అడుగు బోసిగా ఉంటేనే మిగిలిన తిండిని సన్నని గాలి గొట్టంతో రోజూ పీల్చేయగలుగుతారు, తీసినన్ని నీళ్లు పెద్ద తొట్టి నుంచే తెచ్చి పోయాలి. రెండు మూడు నెలల్లో పిల్లలు రెండు సెంటీమీటర్లు దాటుతాయి, అప్పుడు పెద్దవాటితో కలిపి ఇసుక మీద వదలవచ్చు.